ఆమోదం పొందిన కుటుంబం

గృహప్రవేశం నాడు పాలు పొంగించడానికి కొత్త గిన్నె పట్టుకుని భ్రమరాంబ వంటింట్లోకి వెళ్లేసరికి, ఆర్కిటెక్టు గీసిన బొమ్మలోని కుటుంబం అప్పటికే అక్కడ కాపురం పెట్టేసి ఉంది. భర్త కిటికీ పక్కన నిలబడి బయటికి చూస్తున్నాడు. భార్య వంటగట్టుకు ఆనుకుని, చేతిలో తెల్లకప్పుతో, ఎవరివైపూ కాకుండా నవ్వుతోంది. కొడుకు ఎత్తు కుర్చీలో కూర్చుని ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. వాళ్ల కాళ్ల దగ్గర ఒక తెల్లకుక్క పడుకుని ఉంది. అందరివీ తెల్లబట్టలే, మచ్చుకైనా ఒక్క మరక లేదు.

భ్రమరాంబ గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక నుంచి పురోహితుడు తొంగిచూసి, ఈమధ్య రంగుల బొమ్మ గీయించి కట్టిన ఇళ్లన్నిటికీ వీళ్లు వస్తూనే ఉన్నారనీ, ముహూర్తం దాటిపోతోందనీ, ముందు పొయ్యి వెలిగించమనీ తొందరపెట్టాడు. కాస్త జరగమంటే బొమ్మలావిడ మర్యాదగా జరిగింది. పాలు తూర్పు వైపుకే పొంగాయి. బంధువులు పనసపొట్టు కూర బాగా కుదిరిందంటూ రెండోసారి వడ్డించుకున్నారు. ఒకరిద్దరు మాత్రం ఆ తెల్లబట్టలవాళ్లు ఎవరని అడిగారు. వియ్యాలవారేమోనని అనుకున్నారట. ఇంటాయన గంగరాజు నవ్వేసి, పెరుగు రాలేదని కేకేసుకుంటూ అటు వెళ్లిపోయాడు.

సుంకరివారి వీధిలోని ఆ పెంకుటిల్లు గంగరాజు తాతగారి నాటిది. ముందు సావిడి, మధ్యలో రెండు చీకటి గదులు, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. గంగరాజు కొబ్బరికాయల టోకు వ్యాపారి. వీధి ఈ చివర నుంచి ఆ చివర ఉన్న లారీ డ్రైవరుతో ఫోను లేకుండా మాట్లాడగల గొంతు ఆయనది. కొడుకు హేమంత్‌కు సంబంధాలు చూడటం మొదలుపెట్టాక, వచ్చినవాళ్లు పిల్లాడి మొహం కంటే ఇంటి పైకప్పును ఎక్కువసేపు చూస్తున్నారని ఆయన కనిపెట్టాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గంగరాజు రెండూ ఒకేసారి చూసేద్దామనుకున్నాడు. వీధి వైపు గోడలు ఉంచి, లోపలి గోడలు తీసేసి, పెరట్లోకి ఇల్లు పెంచాలని నిర్ణయించాడు.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. గంగరాజు అక్క వెంకాయమ్మ. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. తర్వాత తమ్ముడి కొడుకునూ తనే ఎత్తుకుంది. సావిడి మూల నవారు మంచం ఆవిడది. వచ్చినవాళ్ల చెప్పులు ఓ పక్కకు సర్దడం, పాలవాడి కేక వినడం, రాత్రయితే వీధి తలుపు గడియ వెయ్యడం ఆవిడ పనులు. ఎవరూ పురమాయించలేదు, చేస్తూ ఉండేది కాబట్టి ఆవిడ పనులైపోయాయి. వచ్చినవాళ్లు ఆవిడ పక్కనుంచే లోపలికి వెళ్లేవారు, ఆవిడ పక్కనుంచే బయటికి పోయేవారు. ఆవిడ ఎవరని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఆర్కిటెక్టు పేరు నిఖిలేష్. గడ్డం ఉన్న కుర్రవాడు. ఆఫీసు గోడలకు సున్నం కూడా వేయకుండా సిమెంటు అలాగే వదిలేశాడు. పాపం, చేతిలో డబ్బు ఆడటం లేదు కాబోలు అనుకుంది భ్రమరాంబ. అదే ఫ్యాషనని ఆవిడకు తర్వాత తెలిసింది. అద్దాల బల్ల ముందు కూర్చోబెట్టి, బొటనవేలంత కప్పుల్లో కాఫీ ఇచ్చి, తాను గోడలకు కాదు, మనుషులకు ఇల్లు గీస్తానని, అందుకని ముందు మీ గురించి చెప్పండని అడిగాడు.

ఇక్కడే జరిగింది పొరపాటు. మన వైపు మనుషులకు ఎవరైనా కుర్చీ వేసి మీ గురించి చెప్పండి అంటే పెళ్లిచూపులు గుర్తొస్తాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎక్కడ సంబంధం తప్పిపోతుందోనని భయం. ఇంట్లో ఎంతమంది అని నిఖిలేష్ అడిగాడు. గంగరాజు అద్దాల బల్లకేసి చూశాడు, చల్లగాలి వదులుతున్న మిషనుకేసి చూశాడు.

"ముగ్గురమేనండి," అన్నాడు.

భ్రమరాంబ ఆ మాట విన్నది. విని తల ఊపింది. నవారు మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న వదిన ఆ గదిలో ఎలా ఇముడుతుందో ఆవిడకు తోచలేదు. ఆ తర్వాత నోరు దానంతటదే సాగింది. నేల మీద కూర్చోవడం తమకు అలవాటు లేదంది. కత్తిపీట ఎప్పుడో అటక ఎక్కించేశామంది. ఆవకాయ కొనుక్కుంటామంది, వడియాలు అసలు పెట్టమంది. ఉదయాన్నే గట్టు దగ్గర నిలబడి కాఫీ తాగడం ఇష్టమంది. గంగరాజు తాను ఖాళీ దొరికితే కిటికీలోంచి ప్రకృతిని చూస్తుంటానన్నాడు. తన జీవితంలో ఆయన కిటికీలోంచి చూసింది లారీ వచ్చిందో లేదోనని మాత్రమే. కుక్క ఉందా అని అడిగితే, ఒక తెల్లది ఉందన్నాడు. నిఖిలేష్ అన్నీ శ్రద్ధగా టైపు చేసుకున్నాడు.

కొన్నాళ్లకు రంగుల బొమ్మ వచ్చింది. ఇంటిల్లిపాదీ సావిడిలో చేరి చూశారు. వెంకాయమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో మూలా వేలుతో తడిమింది. బొమ్మలో ముగ్గురే ఉన్నారని ఆవిడ అనలేదు. తన మంచం ఉండే చోట పెద్ద కుండీలో ఆకుపచ్చని మొక్క ఉండటం మాత్రం గమనించింది.

"బాగుందిరా తమ్ముడూ," అంది. "ఈ మూలకి ఎండ తగల్దే. మొక్క బతుకుద్దంటావా?"

గంగరాజు వినపడనట్టు బొమ్మను చుట్టేశాడు. మునిసిపాలిటీ ఆ బొమ్మ మీద గుండ్రటి ముద్రలు వేసి ఆమోదించింది. ఆమోదం గోడలకే కాకుండా బొమ్మలో ఉన్న మనుషులకు కూడా వర్తిస్తుందని కింద చిన్న అక్షరాలతో ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్లు చిన్న అక్షరాలు చదవరు. చదివితే అసలు కట్టరు.

గృహప్రవేశమైన వారానికి పట్టణ ప్రణాళిక ఇన్‌స్పెక్టరు జానకిరామయ్య తనిఖీకి వచ్చాడు. నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, ముందు బొమ్మ కుటుంబాన్ని ఒకసారి కలియజూసి, అంతా ప్లాను ప్రకారం ఉన్నారని రాసుకున్నాడు. ఆ తర్వాత గంగరాజు వైపు తిరిగి, మీరంతా డీవియేషను కిందికి, అంటే ప్లాను తప్పిన లెక్కలోకి వస్తారని చెప్పాడు.

"ఈ ఇల్లు మాదండి," అన్నాడు గంగరాజు.

"కాదన్లేదండి. ఇల్లు మీదే. పన్నూ మీరే కట్టాలి. ఉండడానికి అనుమతి మాత్రం వాళ్లకుంది."

జానకిరామయ్య ఓపిగ్గా వివరించాడు. కంగారు పడాల్సిందేమీ లేదు, ఊళ్లో ఎవరూ ప్లాను ప్రకారం లేరు. ఆమోదించిన బొమ్మకూ ఇంట్లో మనిషికీ తేడా పది శాతం లోపు ఉంటే రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసేస్తారు. అప్పుడు బొమ్మవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు. పది శాతం దాటితే మాత్రం తొలగించాలి. గోడయితే పడగొడతారు. మనిషయితే ఊరి బయట మునిసిపాలిటీ షెడ్డులో, ఊడదీసిన తలుపులూ కిటికీల పక్కన ఉంచుతారు. అక్కడ గాలి బాగానే ఆడుతుందన్నాడు. దసరా వెళ్లాక కొలతలకు వస్తానని, ఈలోగా సాధన చేసుకోమని చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లాడు.

అప్పటినుంచి రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. గంగరాజు రోజూ కిటికీ దగ్గర బొమ్మ భర్త పక్కన నిలబడి ప్రకృతిని చూసేవాడు. ఎదురుగా కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు. దానికేసి ప్రశాంతంగా చూడటం ఎంత కష్టమో ఆయనకు అప్పుడే తెలిసింది. లారీవాళ్లతో గుసగుసగా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదని బజారంతా చెప్పుకున్నారు. హేమంత్‌కు సాధన అవసరం లేకపోయింది. ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తని ఆ ఇద్దరిలో ఎవరు తన కొడుకో భోజనం వేళకు కూడా భ్రమరాంబ ఒక్కోసారి పోల్చుకోలేకపోయేది.

ఆవిడ కష్టం వేరు. గట్టు దగ్గర నిలబడాలి, కప్పు పట్టుకోవాలి, నవ్వాలి. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేసేవి. ఒకనాడు ఉండబట్టలేక పక్కన నిలబడ్డ బొమ్మలావిడతో, కాసేపు కూర్చోవచ్చు కదా అమ్మాయ్ అంది.

"నన్ను నిలబెట్టి గీశారండీ," అంది బొమ్మలావిడ.

ఆ కప్పులో ఏముందని అడిగితే వంచి చూపించింది. ఏమీ లేదు. భ్రమరాంబకు జాలేసింది. చిక్కటి ఫిల్టరు కాఫీ కలిపి ఆ కప్పులో పోసింది. బొమ్మలావిడ తాగలేదు, తాగుతున్నట్టు గీయలేదట. కాఫీ చల్లారేదాకా కప్పును రెండు చేతులతోనూ పట్టుకుని, వేడి ఇలా ఉంటుందన్నమాట అంది. అప్పుడు చూసింది భ్రమరాంబ, ఆవిడకు వీపు లేదు. అటువైపు నుంచి ఎవరూ చూడరని గీయకుండా వదిలేశారట. ఆ రోజు నుంచి భ్రమరాంబ రోజూ ఒక కప్పు కాఫీ ఎక్కువ కలిపేది.

వెంకాయమ్మకు ఆ ఇంట్లో పని లేకుండా పోయింది. కొత్త తలుపుకు గడియ దానంతటదే పడుతుంది. చెప్పులకు అలమార ఉంది, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. అందుకని ఆవిడ వీళ్ల సాధన మీద పడింది. సావిడి మూలకు బొమ్మలోని మొక్క రావడంతో పక్కకు జరిపిన మంచం మీద ఎదురుగా కూర్చుని, బొమ్మను మోకాళ్ల మీద పరుచుకుని, తప్పులు దిద్దేది. పొట్ట లోపలికి లాగమని తమ్ముణ్ణి, గడ్డం ఎత్తమని మరదల్నీ కసిరేది. బొమ్మ ఆవిడకు కంఠతా వచ్చేసింది. తనకు సరిపోయే మనిషి అందులో ఎవరూ లేరన్న సంగతి ఆవిడకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. తీరా ఆ రోజు వచ్చాక చూసుకోవచ్చులే అని ఎవరికి వాళ్లు ఊరుకున్నారు.

దసరా వెళ్లింది. జానకిరామయ్య టేపు పట్టుకుని వచ్చాడు. హేమంత్ దగ్గర టేపు తెరవనే లేదు, తేడా సున్నా అని రాసుకున్నాడు. గంగరాజు ఊపిరి బిగబట్టి పొట్ట లాగి నిలబడితే, తేడా పది శాతానికి వెంట్రుకవాసి లోపల వచ్చింది. భ్రమరాంబ నిలుచున్న తీరు బాగుంది, కప్పు ఎత్తు సరిపోయింది. నవ్వు దగ్గర ఆయన ఆగాడు.

"ఎవరివైపు నవ్వుతున్నారమ్మా?"

"మా ఒదిన వైపండి."

"ఎవరివైపూ నవ్వకూడదమ్మా."

భ్రమరాంబ ఇంకోసారి నవ్వింది. ఈసారి సరిపోయింది. జానకిరామయ్య తృప్తిగా టేపు చుట్టుకుంటూ వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్న మనిషిని చూశాడు. ఈవిడెవరని అడిగాడు. ఆ సావిడిలో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు.

"మా అక్కండి," అన్నాడు గంగరాజు. సాధన చేసిన గొంతు కాబట్టి మెల్లిగా వచ్చింది.

జానకిరామయ్య బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈవిడకు సరిపోయే మనిషి లేదని, తేడా నూటికి నూరు శాతమని, ఇది డీవియేషను కూడా కాదు, అనుమతి లేని కట్టడమని చెప్పాడు. చెప్పడానికి ఆయనకూ బాధగానే ఉంది. నియమం ప్రకారం జేబులోంచి ఎర్రసుద్ద తీసి ఆవిడ భుజం మీద చిన్న గుర్తు పెట్టాడు. వెంకాయమ్మ కదలకుండా కూర్చుంది. సుద్ద చీరకు సరిగ్గా అంటకపోతే, ఇటు గట్టిగా రాయి నాయనా అంది.

గంగరాజు ఆ సాయంత్రమే నిఖిలేష్ దగ్గరికి పరుగెత్తాడు. బొమ్మలో ఇంకొకరిని చేర్చడం కుదరదా అని బతిమాలాడు. కుదురుతుంది గానీ మళ్లీ మొదటినుంచి ఆమోదం రావాలన్నాడు నిఖిలేష్. అది వచ్చేదాకా నలుగురూ షెడ్డులోనే ఉండాలట. పైగా ఆ మూల ఒక పెద్దావిడను పెడితే బొమ్మ అందం చెడిపోతుందని, ఎంతమంది అని తాను అడిగినప్పుడే చెప్పి ఉండాల్సిందని అన్నాడు. హేమంత్‌ను చూడటానికి రాజమండ్రి నుంచి ఆడపెళ్లివారు పై వారమే వస్తున్నారు. షెడ్డులో పెళ్లిచూపులు జరిగిన దాఖలా లేదు.

ఇంటికొచ్చి గంగరాజు అన్నం ముట్టలేదు. కిటికీ దగ్గర నిలబడి, ఎవరూ కొలవకపోయినా పొట్ట లోపలికి లాక్కుని, ట్యాంకుకేసి చూస్తూ ఏడ్చాడు. అక్క చంక దిగకుండా పెరిగానన్నాడు. తనకు మశూచి సోకినప్పుడు వేపాకు మీద పడుకోబెట్టి రాత్రంతా విసిరిందన్నాడు. అలాంటి అక్కను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టానన్నాడు.

"నేనేగా ముగ్గురమన్నాను," అన్నాడు.

"నేనూ తల ఊపానండి," అంది భ్రమరాంబ.

మర్నాడు జానకిరామయ్యే మళ్లీ వచ్చి ఒక సంగతి గుర్తుచేశాడు. బొమ్మవాళ్లు వెళ్లిపోయేటప్పుడు తమ కుక్కనూ, సావిడి మూల మొక్కనూ వెంట తీసుకుపోతారు. ఆ రెండు ఖాళీలూ భర్తీ కాకపోతే మిగతా ముగ్గురి క్రమబద్ధీకరణ కూడా ఆగిపోతుంది. గంగరాజు వీధిలో తిరిగే నల్లకుక్కను పట్టుకొస్తే రంగు తేడా పది శాతం దాటింది. ఎవరి దగ్గరో తెల్లకుక్కను కొన్నాడు. మొక్క కోసం కడియం నర్సరీలకు వెళ్దామని ఆటో మాట్లాడుకున్నాడు. ఆటో కదలబోతుంటే భ్రమరాంబ గేటు దగ్గరికి వచ్చి ఆపింది.

"మొక్క తేకండి," అంది. "ఆ చోటు ఖాళీగా ఉండనివ్వండి."

ఆయనకు అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆటోలోంచి దిగాడు, ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. కుక్క రంగు చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టరునే భ్రమరాంబ సూటిగా అడిగింది, మొక్క అంటే మొక్కే అయి ఉండాలా అని. జానకిరామయ్య పుస్తకం తిరగేశాడు. మొక్క అని ఎక్కడా లేదని, మూలన, నిటారుగా, ఆకుపచ్చగా, కదలకుండా ఉండేది అని మాత్రమే ఉందని, కుండీ తప్పనిసరని చెప్పాడు. ఈ ఉపాయం తనకు ఇంతకుముందే తట్టి ఉంటే ఎందరో షెడ్డుకు వెళ్లేవారు కాదని నొచ్చుకున్నాడు.

వెంకాయమ్మకు చెప్పే పని భ్రమరాంబ మీదే పడింది. మంచం పట్టె మీద కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పింది. షెడ్డుకు పోవడం కన్నా నయమంది, కళ్లముందే ఉంటావంది. వెంకాయమ్మ బియ్యం చాట పక్కన పెట్టి అంతా విన్నది.

"కుక్క ఖాళీ కూడా ఉందన్నారుగా?" అని అడిగింది.

"అది నిండిపోయింది ఒదినా."

"పోనీలే. కుక్కంటే తిరగాల. నాకేమో మోకాళ్లు. మొక్కే నయం." చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ అంది, "మొక్కకైతే రోజూ గుర్తుపెట్టుకుని నీళ్లు పోస్తారు కదే భ్రమరా."

భ్రమరాంబ వంటింట్లోకి వెళ్లి, బొమ్మలావిడ పక్కన నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బొమ్మలావిడ నవ్వు మార్చకుండానే ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

మంచి రోజు చూసి పెద్ద కుండీ తెప్పించారు. వెంకాయమ్మకు ఆకుపచ్చ జరీ చీర కట్టారు. భర్త పోయాక ఆవిడ రంగు చీర కట్టడం అదే మొదటిసారి. బాగుందా అని రెండుసార్లు అడిగింది. గంగరాజు చెయ్యి పట్టుకుని కుండీలోకి ఎక్కించాడు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి పోశారు. చల్లగా హాయిగా ఉందంది. వాస్తు సిద్ధాంతి వచ్చి చూసి, అది నైరుతి మూల కాబట్టి అక్కడ బరువు ఉండి తీరాలని, ఇంటికి ఇదే శుభమని తేల్చాడు. జానకిరామయ్య టేపు పెట్టి చూసి సంతకం చేశాడు. ఆవిడ విడిచిన పాత చీర మీది ఎర్రసుద్ద గుర్తును తన రుమాలుతో తనే తుడిచాడు.

బొమ్మ కుటుంబం ఆ రోజే ఖాళీ చేసింది. పక్క వీధిలో ఎవరో డాబా మీద అంతస్తు వేస్తున్నారట, అక్కడా వీళ్లనే గీశాడు నిఖిలేష్. ఎన్ని ఇళ్లకైనా ఈ ముగ్గురే. వెళ్తూ వెళ్తూ బొమ్మలావిడ తన తెల్లకప్పు భ్రమరాంబ చేతిలో పెట్టింది. వాళ్లు వీధి మలుపు తిరుగుతుంటే వెనక నుంచి చూసిన జనానికి ఎవరూ కనిపించలేదు.

అన్నట్టుగానే పై వారం ఆడపెళ్లివారు వచ్చారు. ఇల్లు చూసి నోరు వెళ్లబెట్టారు. పెళ్లికూతురి తల్లి సావిడిలో అడుగుపెడుతూనే మూల దగ్గర ఆగిపోయి, ఎంత కళగా ఉందో ఈ మొక్క, ఏం మొక్కండీ ఇది అని అడిగింది. ఎన్నాళ్ల నుంచి ఉందని కూడా అడిగింది.

"మొదట్నించీ ఇక్కడే ఉందండి," అన్నాడు గంగరాజు.

పెళ్లికూతురు దగ్గరికి వెళ్లి ఆకనుకుని ఆకుపచ్చ కొంగు పట్టుకుని చూసింది. ఎంత మెత్తగా ఉందోనని మురిసిపోయింది. ఆ మాటకు ఫ్యాను గాలి లేకపోయినా కొంగు కొంచెం కదిలింది. జానకిరామయ్య లేడు కాబట్టి సరిపోయింది. సంబంధం అక్కడికక్కడే ఖాయం చేసుకుని, పసుపూ కుంకుమా అందుకుని వాళ్లు వెళ్లారు. సాయంత్రం నీళ్లు పోస్తుంటే వెంకాయమ్మ భ్రమరాంబను దగ్గరికి పిలిచింది. ఇన్నేళ్లుగా ఇదే మూలనున్నా ఎవరూ నిలబడి చూడలేదని, ఇవాళ వచ్చినవాళ్లంతా తన గురించే మాట్లాడారని చెప్పింది. ఆవిడ గొంతులో సంతోషం భ్రమరాంబకు స్పష్టంగా వినిపించింది. అది విన్నాక భ్రమరాంబకు రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట్లో ఎవరూ లేనప్పుడు భ్రమరాంబ పెరుగన్నం కలిపి వదిన నోట్లో పెట్టేది. కొన్నాళ్లకు వెంకాయమ్మ ఆకలి లేదనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏమీ అనడం లేదు. ఒకరోజు చెవి వెనక లేత చిగురు కనిపిస్తే భ్రమరాంబ తుంచబోయి ఆగింది. గంగరాజు మాత్రం రోజూ కొట్టుకు వెళ్లేముందు కుండీ దగ్గర ఆగి, వస్తానక్కా అని చెప్పి వెళ్తున్నాడు. అంతకుముందు ఆయనకు ఆ అలవాటు లేదు.

పెళ్లికి ముందే పైన ఒక అంతస్తు వేయాలన్నాడు హేమంత్. ఎలాగూ పని పెట్టుకుంటున్నాం కాబట్టి కింద కూడా కొంచెం మార్చేద్దామన్నాడు. నిఖిలేష్ ల్యాప్‌టాప్ లోనే వివరాలు అడిగితే, అందులోంచి తల ఎత్తకుండా హేమంతే జవాబులు చెప్పాడు. భ్రమరాంబ ఆ పక్కనే వంటగట్టు దగ్గర ఉంది. ఇంట్లో ఎంతమంది అన్న ప్రశ్నకు కొడుకు ఏం చెప్పాడో ఆవిడ విన్నది. అద్దాల బల్ల లేదు, చల్లగాలి మిషను లేదు. అయినా ఆ మాట చాలా సులువుగా వచ్చింది.

కొత్త బొమ్మ తీసుకుని నిఖిలేష్ స్వయంగా వచ్చాడు. సావిడిలో బల్ల మీద పరిచాడు. పైన బాల్కనీలో తెల్లబట్టలతో ఒక యువజంట, చేతుల్లో కప్పులు. కింద ఎవరూ లేరు. సావిడి నైరుతి మూల పాత కుండీ అలాగే ఉంది. మెట్ల పక్కన కొత్తగా ఇంకో రెండు కుండీలు వచ్చాయి, ఒకటి కొంచెం లావుగా, ఒకటి కొంచెం పొట్టిగా. గంగరాజు చాలాసేపు చూశాడు. రంగులు బాగా కుదిరాయన్నాడు. తెలియకుండానే పొట్ట లోపలికి లాక్కున్నాడు.

భ్రమరాంబ వదిన కళ్లజోడు తెచ్చి పెట్టుకుంది. బొమ్మ మీద ఒక్కో మూలా వేలుతో తడుముతూ వచ్చి, మెట్ల దగ్గర పొట్టి కుండీ మీద వేలు ఆపింది. ఎంతమంది అని అడగలేదు. ఎవరని అడగలేదు.

"దీనికి ఎండ తగుల్తుందా బాబూ?" అని అడిగింది.

నిఖిలేష్ ఫోనులో దిక్కులు చూసుకున్నాడు. "పొద్దుటెండ వస్తుంది ఆంటీ."

"అయితే సరే," అంది భ్రమరాంబ. కళ్లజోడు తీసి తుడుచుకుని, మూలన కుండీకి నీళ్లు పోయడానికి చెంబు తీసుకుని లేచింది.